కరెంటుకూ ఆపరేషన్‌కూ మధ్య ఆరు వారాలు

రేడియేషన్ విభాగంలో నర్సుకు పనేముంటుంది, అంతా చేసేది మిషనే కదా? ఈ మాట నేను ఆ విభాగంలో చేరిన మొదటి వారంలో విన్నాను. రిటైరయ్యే ముందు వారంలోనూ విన్నాను. అన్నవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. అనంతపురంలో ఒక క్యాన్సర్ విభాగంలో నర్సుగా నా ఉద్యోగం గడిచింది. ఎప్పుడు చేరాను, ఏ గ్రేడులో దిగాను అన్నవి మీకు పనికొచ్చే సంగతులు కావు. ఒకే ఒక్క మనిషి విషయంలో నేను రెండుసార్లు తప్పు చేశాను. అది పనికొస్తుంది. దాని గురించే ఎక్కువ చెబుతాను.

తలుపుకు ఇవతల

మా దగ్గరికి వచ్చేవాళ్లు రేడియేషన్ అనరు, కరెంటు అంటారు. "కరెంటు పెట్టల్లంట" అంటూ వస్తారు. బయటినుంచి పెట్టే కరెంటు ఒకటి, లోపల పెట్టేది ఇంకొకటి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు లోపల పెట్టేది చాలా ముఖ్యం. నడుముకు మత్తు సూది వేసి, గర్భసంచిలోకి సన్నని గొట్టాలు పెట్టి, అవి కదలకుండా చుట్టూ గాజుగుడ్డ దట్టించి, స్కాన్ తీస్తారు. ఎంత మోతాదు ఎక్కడ పడాలో లెక్క కట్టడానికి గంటో రెండు గంటలో పడుతుంది. అంతసేపూ ఆమె కాళ్లు కదపకుండా వెల్లకిలా పడుకుని ఉండాలి. తరువాత మిషన్ గదిలోకి తీసుకుపోయి, గొట్టాలకు తీగలు తగిలించి, మేమంతా బయటికి వచ్చి తలుపు వేస్తాం. లోపల ఆమె ఒక్కతే ఉంటుంది. కెమెరాలో ఆమె మనకు కనబడుతుంది, మైకులో మన గొంతు ఆమెకు వినబడుతుంది.

అసలు కరెంటు పెట్టేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాలు, దానికి ముందటి రెండు గంటలు, నర్సు పనంతా అక్కడే ఉంది. డాక్టరు చెప్పేటప్పుడు ఆమె తల ఊపుతుంది. అర్థం చేసుకునేది మాత్రం పక్కన కూర్చున్న మనిషి మాటను బట్టి. ఆ సంగతి నాకు బాగా తెలుసనుకునేదాన్ని. మంచి మాటకారినని పేరు కూడా ఉండేది.

బెళుగుప్ప హనుమక్క

మా ఆసుపత్రిలో ఆపరేషన్ విభాగం, రేడియేషన్ విభాగం ఒకే అంతస్తులో ఉండేవి. మధ్యలో ఒక వరండా. ఆ వరండా దాటి ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు పోవడం నేను చాలా ఏళ్లు చూడలేదు. తొలిదశ క్యాన్సర్ అయితే ఆపరేషన్ వాళ్లు తీసుకునేవారు, ముదిరితే మా దగ్గరికి పంపేవారు.

ఆపరేషన్ విభాగం పెద్ద డాక్టర్ శారద గారు. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు వేసి, కెమెరా పెట్టి, టీవీ తెరమీద చూస్తూ గర్భసంచి తీసేయడంలో ఆవిడ చేయి చాలా సాఫు. బెళుగుప్ప నుంచి హనుమక్క అనే ఆమె వస్తే అలాగే చేశారు. నాలుగో రోజు ఆమె నడుచుకుంటూ బస్సెక్కింది. పెద్ద కోత లేదు, కుట్లు చీము పట్టలేదు. మేమంతా సంతోషించాం. రెండేళ్లు తిరక్కుండానే ఆమె కడుపు ఉబ్బి మళ్లీ వచ్చింది. జబ్బు పొట్టలో అక్కడక్కడా మొలిచింది. ఈసారి మా వైపుకు పంపారు. మేము చేయగలిగింది కొంచెమే. హనుమక్క బతకలేదు.

ఆ రోజుల్లోనే బయటి దేశాల నుంచి ఒక సంగతి తెలిసింది. ఈ క్యాన్సర్‌కు రంధ్రాల ద్వారా ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో, పొట్ట కోసి చేయించుకున్న వాళ్లకంటే జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని. ఎంతోమంది డాక్టర్లు నమ్మలేదు, నా చేతిలో అట్లా కాదులే అన్నారు. శారద గారు ఆ మాట అనలేదు. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తరువాత తాను అలా ఆపరేషన్ చేసిన వాళ్లందరి ఫోన్ నంబర్లు తెప్పించుకుని, తానే ఒక్కొక్కరికి ఫోన్ చేసి పరీక్షకు రమ్మన్నారు. "మేడం, ఆఫీసు వాళ్లు చేస్తారు కదా" అంటే, "కోసింది ఆఫీసువాళ్లు కాదు కదమ్మా" అన్నారు. నేను చూసిన పై అధికారుల్లో చాలామంది తప్పు జరిగితే కాగితాలు వెతికేవారు. ఫోను పట్టుకున్న మనిషి ఈవిడ ఒక్కరే.

ఆ తరువాతే ఆవిడ వరండా దాటి మా వైపు వచ్చారు. మా రేడియేషన్ డాక్టర్ రహంతుల్లా గారు మొదట కూర్చోమని కూడా అనలేదు. ముదరబెట్టి పంపుతారని ఆయనకు ఏళ్లనాటి కోపం. కానీ ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుని ఒక దారి అనుకున్నారు. గడ్డ చిన్నదిగా ఉన్న కొందరిలో ముందు లోపలి కరెంటు పెట్టి గడ్డను చంపేయాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, తరువాత గర్భసంచి తీసేయాలి. గడ్డ ముందే చచ్చి ఉంటే రంధ్రాల ఆపరేషన్‌లో జబ్బు పొట్టలోకి చిందే భయం తగ్గవచ్చని వాళ్ల ఆలోచన. ఇది వాళ్లు కనిపెట్టింది కాదు, కొన్ని దేశాల్లో ముందునుంచీ ఉన్నదే. అందరికీ సరిపోయేదీ కాదు. దీనిమీద డాక్టర్లంతా ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. ఆ సంగతి, పొట్ట కోసి చేసే దారి కూడా ఉందన్న సంగతి, ప్రతి మనిషికీ చెప్పాకే చేయాలని శారద గారు పట్టుబట్టారు.

రమణమ్మ

రమణమ్మది తనకల్లు దగ్గర చిన్న ఊరు. నలభై ఏళ్లు ఉంటాయి. కూలికి పోతుంది, భర్త నాగరాజు కదిరిలో ఆటో తోలుతాడు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ హైస్కూలు. ఊళ్లో ఆరోగ్య శిబిరం పెడితే, పక్కింటామె లాక్కుపోతే పోయి పరీక్ష చేయించుకుంది. అందుకే చిన్నగా ఉండగానే దొరికింది. అంతకుముందు ఆరు నెలలుగా నెలసరి మధ్యలో రక్తం కనబడుతున్నా ఎవరికీ చెప్పలేదు.

శారద గారు రెండు దారులూ చెప్పారు. ఆమె చిన్న రంధ్రాల ఆపరేషనే అడిగింది. "పొట్ట కోస్తే మళ్ల మూట ఎత్తేది ఎట్ల?" అంది. ముందు కరెంటు, తరువాత ఆపరేషన్. సరేనంది.

వారానికొకటి చొప్పున నాలుగుసార్లు కరెంటు. మొదటిసారి గదిలో తలుపు పడగానే ఆమె గట్టిగా కళ్లు మూసుకుని, రెండు చేతులతో మంచం అంచులు పట్టుకుంది. కెమెరాలో చూస్తున్నాను. మైకులో మాట్లాడటం మొదలుపెట్టాను.

"రమణమ్మా, నేనీడే ఉండా. ఏం గాదు. లోపల గడ్డ కరిగిపోతాంది. రక్తం నిలిచిపోతాది. చూస్తాండు, నువ్వే చెప్తావు నాకు."

ఆమె చేతులు సడలాయి. నాకు సంతోషం వేసింది. మిగతా మూడుసార్లూ అదే మాట చెప్పాను, అది పనిచేసింది కనుక. ఆపరేషన్ సంగతి చెప్పలేదా అంటే, చెప్పాను. నాలుగోసారి, మత్తు పూర్తిగా దిగకముందు, స్ట్రెచర్ మీద ఉండగా చెప్పాను. చీటీలో తేదీ రాసి ఇచ్చాం. ఇంగ్లీషులో. ఆమెకు తెలుగు కూడా చదవడం రాదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. నేను అబద్ధం ఆడలేదు. గడ్డ కరిగేది నిజమే, రక్తం ఆగేది నిజమే. కానీ భయపడే మనిషికి ఊరట ఇచ్చే సగం చెప్పి, మిగతా సగం కాగితానికి వదిలేశాను.

ఏడు వారాలు గడిచాయి, ఎనిమిదోది సగమైంది. ఆపరేషన్ వాళ్లు మేము కబురు చేస్తామనుకున్నారు, మేము వాళ్లు పిలుస్తారనుకున్నాం. ఒక గురువారం వరండాలో శారద గారు నన్ను ఆపారు.

"సుగుణా, ఆ తనకల్లు ఆమె ఏది?"

నాగరాజుకు ఫోన్ చేశాను. "బాగుండాది మేడం, పనికి పోతాంది" అని పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు. ఊరి ఆశా కార్యకర్తకు చెబితే ఆమె పోయి, ఇంట్లో లేదన్నారని చెప్పింది. రహంతుల్లా గారు విని, "ఎనిమిది వారాలు దాటితే లోపల గట్టిపడిపోతుంది. ఆపరేషన్ కష్టమవుతుంది. ఒకవేళ జబ్బు మిగిలి ఉంటే అది ఆగదు" అన్నారు. శారద గారు నా వైపు తిరిగారు. "ఆమెకు మా మొహాలు గుర్తుండవు. నువ్వు గుర్తుంటావు. పోయిరా."

కదిరి, తనకల్లు

మర్నాడు పొద్దున్నే కదిరి బస్సెక్కాను. ఆటోస్టాండులో అడిగితే నాగరాజును చూపించారు. నన్ను చూడగానే అతను ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"రమణమ్మ యాడుండాది, నాగరాజూ?"

"బెంగళూరు పోయినాది మేడం. పనికి."

"ఎప్పుడొస్తాది?"

"తెలీదు మేడం."

"అయితే నన్ను మీ ఇంటికాడ దింపు. వచ్చేదాకా కూర్చుంటా."

పక్క ఆటో అతను నవ్వాడు. "తీసకపో అన్నా, మేడం ఊరికే పొయ్యేట్ల లేదు" అన్నాడు. నాగరాజు ఆటో స్టార్ట్ చేశాడు. దారిలో, తనకల్లు దాటాక, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "నేను రమ్మనే అంటాండా మేడం. అదే వద్దంటాది. ఏడుస్తాది. కొట్టి తెచ్చేదానికి గాదు కదా." అతని మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

ఇంటి ముందు నాగరాజు తల్లి శెనక్కాయలు వలుస్తోంది. కోడలు యాడికో పోయిందంది. సరే అని ఆమె పక్కన కూర్చుని నేనూ వలవసాగాను. నాగరాజు ఆటోలోనే కూర్చున్నాడు. అరగంట పోయింది. ముసలామె నాకు నీళ్లిచ్చింది. ఇంకో అరగంటకు ఇంటి వెనక నుంచి రమణమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్లకు గడ్డి అంటుకుని ఉంది. ఇంతసేపూ దొడ్డిలో దాక్కుంది.

"యాలొచ్చినావు మేడం?"

"నీకోసమే. ఆపరేషన్ దినం దాటిపోతాంది."

"నాకేమైనాదని ఆపరేషను? నువ్వే చెప్తివి కదా కరిగిపోతాదని. కరిగిపోయినాది. నువ్వే చెప్తివి రక్తం నిలిచిపోతాదని. నిలిచిపోయినాది. రెండు నెలలాయె, ఒక్క చుక్క లేదు. బాగుండే మనిషిని మళ్ల యాల కోస్తారు?"

ఆమె అరవలేదు. ఒక్కొక్క మాటా తిరిగి నా చేతికే ఇచ్చింది. అన్నీ నా మాటలే. మా విభాగంలో మాటకారిని.

అప్పుడు నేను రెండో తప్పు చేశాను. సాయంత్రం బస్సు దాటిపోతుందన్న తొందర కావచ్చు, ఊరికే తిరిగిపోతే శారద గారికి ఏం చెప్పాలన్న భయం కావచ్చు. "రమణమ్మా, గరికకు మందు కొడితే పైన ఎండిపోతాది. వేరు లోపలుంటాది కదా? ఇదీ అంతే. నీకు లోపల జబ్బు ఉండాది. తియ్యకుంటే మళ్ల లేస్తాది. బెళుగుప్ప ఆమె ఒకామె అట్లే చచ్చిపోయింది" అన్నాను.

ఉందో లేదో నాకు తెలియదు. మా డాక్టర్లకూ తెలియదు. ఉండవచ్చు, లేకపోవచ్చు, గర్భసంచి తీసి పరీక్ష చేస్తేగానీ చెప్పలేమన్నది నిజం. హనుమక్కకు కరెంటు ముందు పెట్టనేలేదు, ఆమె కథ వేరు. ఇవన్నీ తెలిసి కూడా అన్నాను.

రమణమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. పిల్లలు బడినుంచి వచ్చే వేళయింది. వీధి వైపు చూస్తూ, "ఆ గదిలోకి మళ్ల పొయ్యేపని లేదు కదా? తలుపు ఏసేస్తారే, ఆ గదిలోకి?" అని అడిగింది. లేదన్నాను. "వస్తా" అంది. నాగరాజు ఆటో దిగి వచ్చి, అమ్మ ముందున్న శెనక్కాయల గంప పక్కకు జరిపి, భార్య పక్కన కూర్చున్నాడు.

తెర మీద

సోమవారం ఆపరేషన్. మా వైపు నర్సులకు థియేటర్‌లో పని ఉండదు కానీ, రమణమ్మ అడిగిందని శారద గారు నన్ను రానిచ్చారు. మత్తు ఎక్కేదాకా నా చేయి పట్టుకుంది. రహంతుల్లా గారు కూడా టోపీ, మాస్కు కట్టుకుని వచ్చి ఓ మూల నిలబడ్డారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన ఆ థియేటర్‌లో అడుగు పెట్టడం అదే మొదలు.

కరెంటు పెట్టిన చోట కండ మెత్తగా విడిపోదు, అతుక్కుని ఉంటుంది. ఆలస్యం కూడా అయింది. మామూలుగా చకచకా సాగే శారద గారి చేయి ఆ రోజు గోరు వెడల్పు చొప్పున కదిలింది. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం దగ్గర ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుని, "ఇంకో పది నిమిషాల్లో ఇది విడిపోకపోతే పొట్ట తెరిచేస్తాను. రంధ్రాలతోనే ముగించాలని నాకేం పంతం లేదు" అన్నారు. తెర మీద ఆ సన్నని నాళం చిన్న పురుగులా ముడుచుకుంటూ సాగుతూ కనబడుతోంది. అది తెగితే మూత్రం కారుతూ ఆమె బతుకంతా తడిగుడ్డలతోనే. నేను తెర చూడలేక నేల చూశాను. ఆ ఆలస్యం నాది.

చివరికి నాళం తెగకుండా విడిపోయింది. రహంతుల్లా గారు బయటికి వచ్చాక వరండాలో శారద గారితో, "మా చేతి పని మీకు ఇంత కష్టం తెస్తుందని నాకు తెలియదు" అన్నారు. ఆ తరువాత కరెంటు పూర్తయిన ప్రతి మనిషి పేరూ ఇద్దరి గదుల్లోనూ రాసే ఏర్పాటు జరిగింది. ఫోన్ చేయాల్సింది ఎవరో కూడా అందులోనే ఉండేది. చిన్న పని. ముందే చేసి ఉండవలసింది.

రమణమ్మ రెండో రోజు లేచి నడిచింది. మూత్రం సాఫీగా రావడానికి పది రోజులు పట్టింది, అంతవరకూ గొట్టంతోనే ఉంది. విసుక్కుంది, నన్ను తిట్టింది కూడా.

రిపోర్టు

పరీక్ష ఫలితం వచ్చిన రోజు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. శారద గారు రిపోర్టు చదివి చెప్పారు. తీసిన గర్భసంచిలో గానీ, చుట్టుపక్కల గానీ, గ్రంథుల్లో గానీ జబ్బు ఎక్కడా లేదు. ఒక్క కణం లేదు. కరెంటుకే పూర్తిగా చచ్చిపోయింది. ఇక మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలు. నాగరాజు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

రమణమ్మ దండం పెట్టలేదు. గది బయటికి వచ్చాక నాగరాజును టీ తాగి రమ్మని పంపేసి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఏమీ లేదంట."

"లేదు. మంచిదే కదా."

"మంచిదే. మా ఇంటికాడ కూర్చోని లోపల ఉండాది అంటివి."

ఆమె నా వైపు తిరిగి కూర్చుంది.

"నీకు తెలుసా అప్పుడు, ఉండాదని?"

తప్పించుకోవడానికి చాలా మాటలున్నాయి. నీ మంచికే అనొచ్చు. డాక్టర్లు అట్లే చెప్పారనొచ్చు. ఆమె నా కళ్లలోకే చూస్తోంది.

"తెలీదు. ఉండొచ్చు, లేకపోవచ్చు. ఎవరికీ తెలీదు. తీసి చూస్తేనే తెలిసేది. నువ్వు రావని భయపడి అట్లన్నా."

"ముందు కరిగిపోతాదంటివి. మళ్ల ఉండాదంటివి. ఆ మూడు రాత్రులు నేను పిల్లోళ్లను చూసి ఏడ్చినానక్కా. పెద్దదానికి అన్నం చేసేది నేర్పిచ్చినా. నేను ల్యాకుంటే ఎట్లని."

ఆమె నన్ను మేడం అనకుండా అక్కా అనడం అదే మొదలు. కొట్టినా అంత తగిలేది కాదు.

"తప్పు చేసినా రమణమ్మా."

ఆమె ముక్కు చీదుకుంది. "తెలీదు అని చెప్పింటే వచ్చేదాన్ని. తెలీదంటే నాకు అర్థం గాదా? వానొస్తాదో రాదో తెలీకనే కదా ప్రతి ఏడూ ఇత్తనం ఏస్తాండేది."

నిజంగా వచ్చి ఉండేదా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. రాకపోయి ఉండవచ్చు కూడా. భయపెట్టడం వల్లే వచ్చిందని, అంచేత నేను చేసింది సరేనని చెప్పేవాళ్లు మా విభాగంలో ఉన్నారు. నేను ఒప్పుకోను. తెలియదన్న మాట విని తన శరీరం గురించి తాను నిర్ణయం తీసుకునే వీలు ఆమెకు నేను ఇవ్వలేదు. ఒకసారి ఊరటతో, ఒకసారి భయంతో, రెండుసార్లూ ఆమె తరఫున నేనే తేల్చేశాను.

నాగరాజు టీ తాగి వచ్చాడు. రమణమ్మ రిపోర్టు కవరు చంకన పెట్టుకుని లేచింది. "మూన్నెల్లకు వస్తా. నువ్వు ఊరికి రావద్దు" అంది. నవ్విందో లేదో తెలియలేదు. చెప్పినట్టే మూడు నెలలకు వచ్చింది, నేను రిటైరయ్యేదాకా ఏ చెకప్పూ తప్పలేదు.

ఆ రోజు వాళ్లు పోయాక నేను లోపలికి పోయాను. ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేత పనామె, మొదటి కరెంటు కోసం, గొట్టాలు పెట్టించుకోవడానికి పడుకుని ఉంది. ఇంకా మిషన్ గదిలోకి తీసుకుపోలేదు. మత్తు సూది కూడా వేయలేదు, తెలివిగానే ఉంది. స్టూలు జరుపుకుని ఆమె తల దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, ఇప్పుడు చేసేది సగం పని" అన్నాను. "దీంతోనే అంతా పోతాదా అంటే, నాకు తెలీదు. తెలిసింది తెలిసినట్ల, తెలీంది తెలీనట్ల చెప్తా. నిదానంగా విను. మధ్యలో ఏమైనా అడుగు."

ఆమె అడగడం మొదలుపెట్టింది.